చింతపండుతో తోమిన వేరుశెనక్కాయ

మా పక్కింటావిడతో నా స్నేహం మాటలతో కాదు, డబ్బాలతో మొదలైంది. అమెరికాలోని ఆష్‌బర్న్‌లో టౌన్‌హౌస్ కొనుక్కుని దిగిన కొత్తలో, ఆవిడకి రావలసిన మందుల పార్సెల్‌ని డెలివరీ అతను మా గుమ్మంలో పడేసి పోయాడు. తీసుకెళ్ళి తలుపు కొడితే ఎవరూ పలకలేదు. పార్సెల్ అక్కడ పెట్టాను గానీ, మొదటిసారి ఒకరి గడపకి ఉత్త చేతులతో వెళ్ళానేమిటని మనసొప్పలేదు. ఇంటికొచ్చి, ఆ పూట చేసిన పులిహోర ఒక డబ్బాలో సర్ది దాని పక్కన పెట్టి వచ్చాను. మర్నాడు ఆఫీస్ నుంచి వచ్చేసరికి మా గుమ్మంలో అదే డబ్బా, కడిగి తుడిచి, నిండా వేయించిన అరటిపండు ముక్కలతో ఉంది. అల్లం, కారం పట్టించిన తియ్యటి ముక్కలు. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదన్నది మా అమ్మ ఒక్కతే పెట్టుకున్న నియమం అనుకునేదాన్ని అప్పటిదాకా.

అలా ఓ మూడు నెలలు నడిచింది. నేను గారెలు పెడితే ఆవిడ చిక్కుడు గింజల కూర పెట్టేది. నేను పెరుగన్నం పెడితే ఆవిడ చిలగడదుంప ముక్కలు పెట్టేది. ఎదురుపడితే చెయ్యి ఊపడం తప్ప మాటల్లేవు, ఎందుకంటే ఆవిడ నడకకి వెళ్ళి వచ్చే వేళకి నేను కార్‌లో ఉండేదాన్ని. మీ ఇద్దరిదీ ఏం బేరమో గానీ మనుషులు కనపడరు, సరుకు మాత్రం అటూ ఇటూ నడుస్తోందని మా ఆయన నవ్వేవారు.

నా గురించి ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. నాకు ఆరా ఎక్కువ. చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా వచ్చి ఇది పనిచేస్తోంది అంటే, ఎక్కడ చెయ్యదో చూసేదాకా నాకు నిద్ర పట్టదు. ఆఫీసులో దానికి జీతమిస్తారు, ఇంట్లో చివాట్లు పెడతారు.

శ్రావణ శుక్రవారం నాడు పట్టుచీర కట్టుకుని, ఉన్న నగలన్నీ దిగేసుకుని, పేరంటానికి బయల్దేరి గుమ్మంలో కార్ తాళాలు వెతుక్కుంటున్నాను. ఆవిడ తన ఇంటి ముందు కుర్చీలో కూర్చుని నన్ను ఎగాదిగా చూసింది. ఈ దేశంలో ఇంత బంగారంతో వీధిలో నిలబడ్డానని నాకు సిగ్గేసి, కొంగు కప్పుకోబోయాను. వద్దు, వద్దని చెయ్యి ఊపి, ఈ వీధిలో ఇన్నేళ్ళకి సరిగ్గా తయారైన ఆడమనిషిని చూశానంది. తమ వైపు పండగొస్తే ఆడవాళ్ళు మోచేతుల దాకా బంగారం వేసుకుంటారట. తనది ఘనా దేశంలో కుమాసి అనీ, నర్సు ఉద్యోగం చేసి రిటైర్ అయ్యాననీ, ఇక్కడికొచ్చి నలభై ఏళ్ళు దాటిందనీ చెప్పింది. మా తాతయ్య తెనాలిలో కంసాలి పని చేసేవారని నేనన్నాను. ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఆదివారం చర్చి నుంచి రాగానే మా ఇంటికి రా, నీకొకటి చూపించాలి అంది. ఆంటీ అని పిలవనా అని అడిగితే, మా దేశంలోనూ అలాగే పిలుస్తారు, ఇంకెలా పిలుస్తావని ఎదురడిగింది.

ఆదివారం ఆవిడ డైనింగ్ టేబుల్ మీద తువ్వాలు పరిచి, దాని మీద ఒక పాత తోలు సంచి విప్పింది. అరచేతిలో పట్టేంత త్రాసు, చిన్న చిన్న ఇత్తడి చెంచాలు, మూత ఉన్న బుల్లి పెట్టె, ఇంకా ఓ ముప్పై దాకా బొమ్మలు. అన్నీ బొటనవేలంత. చేప, డప్పు, పీట, మొసలి, కత్తి, తలమీద బుట్ట పెట్టుకున్న మనిషి. అన్నీ నల్లగా జిడ్డు పట్టి ఉన్నాయి. బంగారమా అని అడిగాను, కంసాలి మనవరాలిని కదా. కాదు, ఇత్తడి, వీటితో బంగారాన్ని తూచేవాళ్ళం అంది.

ఒకప్పుడు వాళ్ళ వైపు బంగారు పొడే డబ్బు. అరటి గెల కొనాలన్నా, ఆవును కొనాలన్నా చెంచాతో పొడి తీసి తూచి ఇవ్వడమే. వ్యాపారం చేసే ప్రతివాడికీ సొంత త్రాసు, సొంత తూకాలు ఉండేవి. అమ్మేవాడు తన తూకంతో తూస్తాడు, కొనేవాడు తన తూకంతో తూస్తాడు. రెండూ కలవకపోతే కూర్చుని వాదించుకుంటారు. పూటంతా పట్టినా ఎవరూ తొందరపడేవారు కాదట. సంత జరిగే చోట నేలమీద రాలిన పొడి మాత్రం రాజుది. దాన్ని ఎవరూ ఊడ్చుకోకూడదు. మా తాతయ్య కొట్లో ఊడ్చిన దుమ్ముని కూడా పారెయ్యకుండా దాచి, అందులో బంగారం ఏరుకునేవాళ్ళకి అమ్మేవారని నేను చెబితే, మరి మీ తాతయ్యే మీ ఇంటికి రాజన్నమాట అని నవ్వింది.

ఆ బొమ్మల్లో ఒక వేరుశెనక్కాయ ఉంది. ఒంటి గింజ కాయ, ఒకవైపు కొద్దిగా సొట్ట. మిగతా బొమ్మలు మైనంతో చేసి, మట్టి పూసి, మైనం కరిగించి పోత పోసినవట. ఇది అలా కాదు. నిజం వేరుశెనక్కాయకే మట్టి పూసి కాల్చేస్తే లోపలి కాయ బూడిదైపోతుంది. ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. అంటే ఎప్పుడో ఏ తోటలోనో కాసిన ఒక కాయ, దాని మీది గీతలతో సహా, అలాగే ఉండిపోయింది. దాని మీద నాకు మనసు పడింది. అబద్ధం ఎందుకు, కొంచెం ఆశ కూడా పుట్టింది.

తరవాత ఆవిడ ఆ బుల్లి పెట్టె మూత తీసింది. లోపల ఎర్రటి గింజలు, ఒక్కోదానికి నల్లటి మచ్చ. అన్నిటికంటే చిన్న తూకం ఇదేనంది. నేను లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా మా ఇంటికి పరిగెత్తి, దేవుడి అర మీద ఉన్న తాతయ్య డబ్బా పట్టుకొచ్చి తువ్వాలు మీద ఒంపాను. అవే గింజలు. గురిగింజలు. మా తాతయ్య ముక్కుపుడకలు తూచిన గింజలూ, వీళ్ళ పెద్దవాళ్ళు బంగారు పొడి తూచిన గింజలూ ఒకే తీగకి కాసినట్టున్నాయి. రెండు దేశాల మధ్య ఇంత సముద్రం ఉంటే ఒకరికొకరు చెప్పుకున్నట్టు ఇద్దరికీ అదే గింజ ఎలా తట్టిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆవిడ మాత్రం నర్సు బుద్ధి పోనిచ్చుకోకుండా, అది విషపు గింజ, పిల్లలున్న ఇంట్లో పెట్టకు అని చెప్పి, నావీ తనవీ కలిసిపోకుండా చేత్తో వేరు చేసింది. ఊరికే సరదాకి వేరుశెనక్కాయని తూచాం. త్రాసుకున్న దారం ఒకటి తెగడానికి సిద్ధంగా ఉంటే వేలితో పట్టుకున్నాను. ముందు ఆవిడ గింజలతో, తరవాత నావాటితో తూస్తే, రెండుసార్లూ ముల్లు నిలబడేసరికి అరవై రెండు గింజలు పట్టాయి. ఇద్దరం విడివిడిగా లెక్కపెట్టాం.

ఆ వారం నేను లైబ్రరీ మీద పడ్డాను. దొరికిన పుస్తకమల్లా తెచ్చుకున్నాను. వెయ్యేళ్ళ కిందట ఘనా అనే రాజ్యం ఉండేదనీ, అక్కడి రాజు తన గుర్రాన్ని పెద్ద బంగారు ముద్దకి కట్టేవాడని చెప్పుకునేవారనీ, ఆయన కుక్కల మెడలో కూడా బంగారు పట్టీలుండేవనీ చదివి పొంగిపోయాను. గనుల్లో దొరికిన ముద్దలు రాజుకి, పొడి ప్రజలకి. ముద్దలు కూడా జనానికి వదిలేస్తే బంగారం విలువ పడిపోతుందని ఆ కట్టడి. ఎడారిలోంచి ఒంటెల మీద ఉప్పు పలకలు వచ్చేవి. ఉప్పు మోసే గాడిద రాజ్యంలోకొస్తే ఒక సుంకం, బయటికి పోతే దానికి రెండింతలు. ఇవన్నీ ఆంటీకి అప్పచెబితే, ఆవిడ ఓపిగ్గా విని, ఆ రాజ్యం మా ఊరికి ఎంతో దూరాన ఉత్తరాన ఉండేది, మా దేశం దాని పేరు మాత్రం పెట్టుకుంది అంది. తమది అడవి ప్రాంతం. తమ వాళ్ళు పైకి పంపిన బంగారం చేతులు మారి మారి ఎడారి దాటేదట. పుస్తకం చదివి పక్కింటావిడకి ఆవిడ దేశం గురించి పాఠం చెప్పినందుకు నాకు నేనే మొట్టికాయ వేసుకున్నాను.

ఒక్క సంగతి మాత్రం మా ఆయనకి కూడా చదివి వినిపించాను. పూర్వం అక్కడ కొన్నిచోట్ల వర్తకులు ఉప్పు కుప్పలు పోసి, డప్పు కొట్టి, కనపడకుండా దూరంగా వెళ్ళిపోయేవారట. బంగారం ఉన్నవాళ్ళు వచ్చి, ప్రతి కుప్ప పక్కనా తోచినంత బంగారం పెట్టి వాళ్ళూ వెళ్ళిపోయేవారు. వర్తకులు తిరిగొచ్చి, చాలనుకుంటే బంగారం తీసుకుని పోతారు. చాలకపోతే ముట్టుకోకుండా మళ్ళీ దూరం జరుగుతారు. ఒకరి మొహం ఒకరు చూసుకోరు, ఒక్క మాట అనుకోరు. మా ఆయన టీ తాగుతూ మొత్తం విని, అయితే నువ్వు పులిహోర ఊరికే పెట్టలేదన్నమాట అన్నారు.

సెప్టెంబర్‌లో ఆంటీ నన్ను పిలిచి అసలు సంగతి చెప్పింది. ఆ సంచి ఆవిడది కాదు. వాళ్ళల్లో ఆస్తి మేనమామ నుంచి మేనల్లుడికీ, మేనకోడలికీ వస్తుంది. పాత వస్తువులు కొనే దళారులు ఊళ్ళ మీద పడి తిరిగే రోజుల్లో, ఇంట్లో ఎవరో ఒకరు ఇవి అమ్మేస్తారని భయపడి, ఆవిడ మేనమామ బొమ్మల తూకాలన్నీ అమెరికా వస్తున్న ఈవిడ చేతిలో పెట్టాడట. వీటికి జతగా, ఒక్కో బొమ్మకీ సరితూగే చదరపు ఇత్తడి బిళ్ళలు మాత్రం ఊళ్ళో ఇంట్లోనే ఉన్నాయి. మేనమామ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఆవిడ అక్క కొడుకు ఆ కుటుంబానికి పెద్ద అయ్యాడు. సంచి తెచ్చి ఇంట్లో పెట్టమని కబురు పెట్టాడు. కానీ చుట్టాల్లో ఒక మాట చాలా ఏళ్ళుగా నలుగుతోంది. అమెరికా వెళ్ళింది కదా, ఆవిడ అవెప్పుడో ఏ దొరకో అమ్మేసి ఉంటుంది అని.

ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మామూలుగానే ఉంది గానీ, టేబుల్ మీద లేని మరక ఒకటి వేలితో రుద్దుతూనే ఉంది. వచ్చే నెల వెళ్తున్నాను, అందరి ముందూ సంచి విప్పి ఆ బిళ్ళలతో తూయిస్తాను, ఈలోగా త్రాసు దారాలు మార్చి పెట్టగలవా, కంసాలి ఇంటి పిల్లవి కదా అని అడిగింది. సంచి సంచే నా చేతికిచ్చింది. నలభై ఏళ్ళలో అది ఆవిడ గడప దాటడం అదే మొదటిసారి అనుకుంటాను.

దారాలు చక్కగా కట్టాను. ఒక పాత పట్టుచీర కుచ్చుల్లోంచి దారం తీసి, పేని, రెండు పళ్ళేలూ సమంగా వేలాడేలా ముడులు సర్దాను. అక్కడితో ఊరుకుంటే నేను నేనెలా అవుతాను. అది గురువారం, ఇంటి నుంచి పనిచేసే రోజు. శుక్రవారం పూజకి కుందులు తోమాలని గిన్నెలో చింతపండు నానబెట్టాను. పక్కనే ఆ నల్లటి బొమ్మలు కనిపించాయి. పాపం ఇన్నేళ్ళుగా మాటలు పడుతున్న మనిషి, రేపు అంతమంది ముందు విప్పుతుంది, చూడముచ్చటగా ఉండొద్దూ అనిపించింది. అయినా టెస్టర్‌ని కాబట్టి అన్నీ ఒకేసారి ముంచలేదు. ముందు ఒకటి చూద్దామని, నాకిష్టమైన వేరుశెనక్కాయని గిన్నెలో వేశాను.

అరగంట తరవాత రుద్దితే జిడ్డంతా వదిలి బంగారంలా మెరిసింది. గీతలు ఒక్కొక్కటీ లేచొచ్చాయి. తొడిమ దగ్గర చిన్న గుంటలో నల్లగా గట్టిపడిన మట్టి ఏదో ఉండిపోతే, గాజుకున్న పిన్నీసు తీసి తవ్వాను. అదొక ముక్కగా ఊడి, చింతపండు పిప్పితో పాటు సింక్‌లో పడింది. నీళ్ళు వదిలి, సింక్ కింద చెత్తని నలిపి తోసేసే గార్బేజ్ డిస్పోజల్ స్విచ్ వేశాను. కాయని మెత్తటి గుడ్డతో తుడిచి, కిటికీ దగ్గర పెట్టి, ఫోటో కూడా తీసుకున్నాను. అంత సంతోషంగా ఉన్నాను.

తరవాత కొత్త దారాలు ఎలా ఉన్నాయో చూద్దామని, ఒక పళ్ళెంలో కాయ, ఇంకో పళ్ళెంలో అరవై రెండు గింజలు వేశాను. గింజల వైపు దిగిపోయింది. ముడులు సరిగ్గా పడలేదనుకున్నాను. పళ్ళేలు మార్చి చూశాను. మళ్ళీ గింజలే దిగాయి. ఒక్కో గింజా తీస్తూ వెళ్తే యాభై ఏడు దగ్గర నిలబడింది. అయిదు గింజల బరువు ఎటు పోయిందా అని ఆలోచిస్తూ కాయని తిప్పితే, తొడిమ దగ్గరి గుంట నావైపు చూస్తోంది. అప్పుడు అర్థమైంది. అది మట్టి కాదు. పోత పోసిన కాయ తూకానికి తక్కువొస్తే, ఎవరో పెద్దాయన అందులో సీసం ముక్క దూర్చి, బంక పెట్టి సరిచేసుకున్న చోటు అది. నేను చేసింది ముస్తాబు కాదు. ఒక మనిషి తూకాన్ని పిన్నీసుతో తవ్వి పారేశాను.

మా ఆయన ఆఫీస్ నుంచి వచ్చి, షర్ట్ కూడా మార్చుకోకుండా సింక్ కింద పడుకుని పైపు విప్పారు. చింతపండు ఈనెలు, కరివేపాకు రెబ్బ, ఎప్పుడో పోయిన చెవి దిద్దు శీల దొరికాయి. కావలసింది దొరకలేదు. ఆయన లేచి చేతులు తుడుచుకుంటూ, ఇప్పుడు ఆ కాయతో ఎవరు బంగారం తూస్తారే, అందులో ఏదో ఒకటి పెట్టి మూసెయ్యి, చెప్పకు అన్నారు. నాకూ ఆ ఆలోచన రాలేదని అనను. ఒక పూటంతా అదే ఆలోచించాను. కానీ ఆ కాయని తీసుకెళ్ళి జత బిళ్ళతో తూస్తారని నాకు తెలుసు. అక్కడ తేలిపోతే మాట పడేది నేను కాదు.

శనివారం పొద్దున్న వెళ్ళి, కాయని ఆవిడ ముందు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ తూకం పోయినందుకు ఏమైనా అంటుందేమో అనుకున్నాను. దాని మెరుపు చూసి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"శుభ్రం చేద్దామనుకున్నాను ఆంటీ," అన్నాను.

"నువ్వు శుభ్రం చెయ్యలేదు. కొత్తది చేశావు. మెరిసేవి మా ఊరి బజార్లో టూరిస్టుల కోసం బుట్టల్లో పోసి అమ్ముతారు. అసలువి అమ్మేసి బుట్టలోది ఒకటి తెచ్చి పెట్టింది అంటారు నన్ను."

నాకు ఏడుపొచ్చేసింది. మంచి చేద్దామని వెళ్ళి, ఆవిడ శత్రువులు నలభై ఏళ్ళుగా వెతుకుతున్న సాక్ష్యం నా చేత్తో నేనే తయారుచేసి పెట్టాను. ఇంటర్నెట్‌లో చూశాను, వెనిగర్ ఆవిరి పడితే మళ్ళీ నల్లబడుతుందట, చెయ్యనా అని అడిగాను. దొంగ బొమ్మలు చేసేవాళ్ళు చేసే పని అదే అని ఆవిడ తల అడ్డంగా ఊపింది. మెరుపు మెరుపుగానే ఉంటుంది. తూకం మాత్రం సరిచెయ్యాలి అంది. నా చెవి దిద్దు కరిగించి ఆ గుంటలో పోయిస్తానన్నాను. బంగారం పెడితే ఎవడో ఒకడు దానికోసం మళ్ళీ తవ్వుతాడంది. ఎంత కోపంలో ఉన్నా ఆవిడకి వ్యాపారం తెలిసినవాళ్ళ బుర్ర.

గాలానికి కట్టే చిన్న సీసపు గుండ్లు కొనుక్కొచ్చాను. లక్క గాజు ఒకటి విరిచి కొవ్వొత్తి మీద కరిగించాను. బోలు బంగారు గుండ్లలో లక్క నింపడం మా తాతయ్య దగ్గర చూసిన పని. సీసం కొద్దికొద్దిగా గీకుతూ, గుంటలో పెట్టి చూస్తూ, తీస్తూ, మళ్ళీ పెడుతూ మధ్యాహ్నమంతా గడిచింది. ఆవిడ తన గింజలతో తూచి చూసింది. నేను నా గింజలతో తూచి చూశాను. ముందు ఆవిడకి సరిపోయి నాకు ఒకటి ఎక్కువొచ్చింది. ఇంకాస్త గీకాం. నేను చేసిన టీ ఆవిడ తాగలేదు. చివరికి ఇద్దరికీ అరవై రెండు దగ్గర నిలబడ్డాక, ఆవిడ కాయని సంచిలో వేసి, ముడి గట్టిగా బిగించింది. ఒక షరతు పెట్టింది. అక్కడ సంచి విప్పే రోజున నేను వీడియో కాల్‌లో ఉండాలి. తోమింది నేనేనని నా నోటితో నేనే చెప్పాలి.

అక్టోబర్‌లో ఒక శనివారం పొద్దున్న, వాళ్ళకి అప్పటికి మధ్యాహ్నం దాటింది. ఫోన్‌లో ఒక వసారా, వరసగా కుర్చీలు, పెద్దవాళ్ళు. ఆంటీ నల్లచీరలాంటి పొడుగాటి గుడ్డ భుజం మీంచి చుట్టుకుని మధ్యలో కూర్చుంది. ఇక్కడ ఎప్పుడూ స్వెటర్‌లోనే చూసిన మనిషిని గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టింది. ఆవిడ అక్క కొడుకు యాభై దాటినాయన, కళ్ళజోడు, మెత్తటి ఇంగ్లీషు. ఒక్కో బొమ్మా తీసి, దాని జత బిళ్ళతో తూచి పక్కన పెడుతున్నాడు. చేప సరిపోయింది. డప్పు సరిపోయింది. వేరుశెనక్కాయ బయటికి రాగానే కుర్చీల్లో కదలిక. ఒక ముసలాయన ఏదో అన్నాడు, ఎవరో నవ్వారు. నాకు భాష రాకపోయినా ఆ నవ్వు అర్థమైంది.

నన్ను మాట్లాడమన్నారు. మా ఊళ్ళో ఇత్తడిని చింతపండుతో తోముతామనీ, నల్లగా ఉంటే నిర్లక్ష్యం అనుకుంటారనీ, ఆంటీకి చెప్పకుండా చేశాననీ, లోపల పెద్దవాళ్ళు పెట్టిన ముక్కని తవ్వేశాననీ చెప్పాను. తోమక ముందు అరవై రెండు గింజలు, తోమాక యాభై ఏడు, మళ్ళీ పెట్టాక అరవై రెండు అని కూడా చెప్పాను. ఆయన ఒక్కో మాటా వాళ్ళ భాషలో తిప్పి చెప్పాడు. తరవాత కాయని ఒక పళ్ళెంలో, బిళ్ళని ఒక పళ్ళెంలో వేసి త్రాసు ఎత్తాడు. నేను కట్టిన పట్టుదారాలు. ఫోన్ ఎవరి చేతిలో ఉందో గానీ తెరంతా ఊగుతోంది, త్రాసు ఊగుతోందో ఫోన్ ఊగుతోందో తెలియలేదు. చాలాసేపటికి ఆగింది. సమంగా ఉంది.

ఇందాక నవ్విన ముసలాయన లేచి వచ్చి, వంగి చూసి, ఆంటీ భుజం మీద చెయ్యి వేసి వెళ్ళి కూర్చున్నాడు. ఆంటీ ఏడవలేదు. తల దించుకుని గుడ్డ అంచు సర్దుకుంది. నేను మాత్రం వంటింట్లో నిలబడి, కళ్ళూ ముక్కూ కలిపి కొంగుతో తుడుచుకున్నాను.

అంతా అయిపోయిందనుకుంటుంటే ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. కోపం ఏమీ లేదు ఆయన గొంతులో.

"మా పిన్ని మాట మీద ఇక్కడ ఎవరికీ అనుమానం లేదు. తూకం కూడా సరిగ్గానే ఉంది. కానీ అది మీ ఇద్దరి తూకం, మా మేనమామలది కాదు. ఇది సంచిలో కలవదు."

సరేనండీ అని తెలుగులోనే అన్నాను. ఆవిడ మీద పడిన మచ్చ తుడిచిపెట్టుకుపోయింది, నిజమే. కానీ ఆవిడ నలభై ఏళ్ళు లెక్క తప్పకుండా కాపాడిన సంచి ఒకటి తక్కువతో ఇంటికి చేరింది. ఆ ఒకటీ నా వల్లే.

నవంబర్ మధ్యలో ఆవిడ తిరిగొచ్చింది. నేను డబ్బా పెట్టలేదు. ఏ మొహం పెట్టుకుని పెడతాను. నాలుగో రోజున ఆవిడే వచ్చి తలుపు కొట్టింది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడి, కోట్ జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పింది. వేరుశెనక్కాయ. అప్పుడే కొంచెం మసకబారింది.

"సంచి అక్కడ పెట్టేశాక విమానంలో నా ఒళ్ళో ఏమీ లేదు. నలభై ఏళ్ళకి మొదటిసారి. వాడు దీన్ని నాకే ఇచ్చేశాడు. నువ్వు తోమకపోతే ఇది కూడా నాకు మిగిలేది కాదు. ఆ మాట నీకు చెప్పాలి కదా." చేతిరుమాలు అంచు సర్దింది. "నీ మీద నాకింకా కోపం పోలేదు."

కోపం ఉండనీ ఆంటీ అన్నాను. ఆవిడ కాయని నావైపు చాపింది. నాకు తెలియకుండానే చేతులు వెనక్కి పెట్టుకున్నాను. పట్టుకో, ఫరవాలేదు, ఇప్పుడది తూకం కాదు అంది. ముందుకి చాపిన నా అరచేతిలో దాన్ని పెట్టి, నేను తిరిగిచ్చేదాకా నా చేతినే చూస్తూ నిలబడింది.